సమాధి మట్టిలో విష్ణుక్రాంతం

విష్ణుక్రాంతం పువ్వు చొక్కా గుండీ కంటే చిన్నది. కానీ నీలం అంటే అదీ నీలం! పొద్దున విచ్చుకుంటుంది, మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. వానలు లేకపోతే పైనంతా ఎండిపోయినా లోపల వేరు బతికే ఉంటుంది. నాలుగు చినుకులు పడితే మళ్ళీ చిగురిస్తుంది. బీళ్ళలో పాకే ఈ మొక్కను కుందుర్పి దగ్గర మా ఊళ్ళో, పెరట్లో పెంచింది ఓబులమ్మ ఒక్కతే.

ఆమె భర్త తిప్పయ్యను సొంత చేన్లోనే పూడ్చారు. మా వైపు చాలా ఇళ్ళలో అదే అలవాటు. కట్టడమేమీ లేదు, రాళ్ళ కుప్ప అంతే. ఆ రాళ్ళ సందుల్లో విష్ణుక్రాంతం దానంతట అదే మొలిచింది. వేరుశనగ ఏటా వరసగా ఎండిపోయాక, కొడుకు రామాంజనేయులు ఆ చేనును సోలార్ పలకలు పెట్టేవాళ్ళకు కౌలుకిచ్చాడు. నేలంతా చదును చేసి కంచె వేస్తారని తెలిసి ఓబులమ్మ అడిగింది.

"మీ నాయన ఉండే జాగా అన్నా వదిలేయమని చెప్పురా."

"చెప్పినాలేమ్మా. ఒక మూలకుంటే వదిలేవాళ్ళంట. నడిమధ్యలో ఉండాదంట."

మరుసటి పొద్దున ఆమె బుట్ట పట్టుకుని చేనుకు పోయింది. తల్లివేరు తెగితే విష్ణుక్రాంతం బతకడం కష్టం. అందుకే మొక్కల్ని పీకలేదు. వాటి కింద రాలిన గింజలతో సహా సమాధి మీది మట్టిని ఎత్తుకొచ్చి, పెరటి గోడవారగా గుంట తీసి పోసింది. అది ఎక్కడి మట్టో ఎవరికీ చెప్పలేదు. సమాధి మట్టి గడప దాటి రాకూడదు. చెప్తే ఉండనివ్వరు.

తర్వాత కంచె పడింది, గేటు పడింది. ఆమెను లోపలికి రానివ్వలేదు. ఇక భర్త దగ్గర కూర్చోవాలంటే పెరట్లో ఆ గుంటే.

మొదటి వానలకు ఏమీ మొలవలేదు. బియ్యం కడిగిన నీళ్ళు రోజూ అక్కడే పోసేది. పక్కింటి అమీర్ బీ గోడ మీదుగా చూసి నవ్వేది.

"ఏం ఓబులక్కా, వట్టి మట్టికి నీళ్ళు పోస్తాండావు? టమేటా నాటుకుంటే పులుసన్నా అవుతాది."

"మీ ఇంట్లో పులుసు లేకపోతే చెప్పు మే, గిన్నెడు పంపిస్తా."

"నీ పులుసు తినేదానికన్నా ఆ మట్టి తినేది మేలు!"

మరుసటేడు వానలకు మొలిచింది. సన్నటి కాడలు నేలంతా పరుచుకున్నాయి. ఆ ఏడే కోడలు ప్రశాంతికి నెల తప్పింది. కడుపుతో ఉన్న పిల్ల ఆ మట్టి తొక్కుతుందేమోనని ఓబులమ్మకు అప్పటినుంచి భయం పట్టుకుంది. అయినా నోరు విప్పలేదు.

వినాయక చవితి పొద్దున ప్రశాంతి తలస్నానం చేసి, ఫోన్లో ఆకుల బొమ్మలు చూసుకుంటూ పెరట్లో పత్రి కోసింది. పూజలో పెట్టే ఆకుల్లో విష్ణుక్రాంతం కూడా ఒకటి కదా.

"అత్తా, మన పెరట్లోనే ఉండాదే! ఇన్ని దినాలూ గడ్డి అనుకుంటి."

ఓబులమ్మ వచ్చేసరికి ఆమె గుప్పెడు నీలం పూలతో దేవుడి ముందు కూర్చుని ఉంది.

"అది పెట్టద్దు మే. కుక్క తొక్కింది."

"కడిగినా లే అత్తా."

కోడలి చెయ్యి విగ్రహం దాకా పోయింది. ఓబులమ్మ ఆ చెయ్యి పట్టేసుకుంది.

"వద్దు మే. అది మీ మామ మీద మొలిచింది."

పూజకు పక్కనే కూర్చున్న రామాంజనేయులు లేచి నిలబడ్డాడు. "ఏం మాట్లాడ్తాండావుమ్మా?"

ఓబులమ్మ అంతా చెప్పింది. ప్రశాంతి చేతిలో పూలు కింద పడ్డాయి. రెండు చేతులూ కడుపు మీదికి పోయాయి. "నా బిడ్డకేమన్నా అయితే ఎట్లత్తా?"



కొడుకు పార తెచ్చి గుంటంతా తవ్వాడు. మొక్కలూ మట్టీ ఎరువుల సంచుల్లోకి ఎత్తాడు.

"నన్ను తిట్టురా. దాన్ని ఉండనీ. మీ నాయనరా."

"నాయన చేన్లో ఉండాడు."

"చేన్లోకి నన్ను రానీరు కదరా!"

సంచులు బండి మీద వేసుకుపోయాడు. తిరిగొచ్చేసరికి ఆమె వాకిట్లోనే ఉంది.

"యాడ పోసినావు?"

"గేటుకాడికి తీసుకపోయినా. లోపల పోసేదానికి వాచ్‌మన్ ఒప్పుకోలా. దారిలో పారబోసినా."

"దారిలో యాడ?"

"గుర్తులేదు. ఇంక ఇడ్సిపెట్టు."

మర్నాడు ఆమె గేటు దాకా నడిచింది. లారీల కోసం దారి వెడల్పు చేస్తూ రెండు పక్కలా మట్టి పోసి ఉంచారు. అంతా ఎర్రమట్టే. ప్రతి కుప్ప దగ్గరా వంగి చేత్తో కెలికింది. ఒక్క కాడ కూడా కనిపించలేదు.

ఇంటికొచ్చేసరికి ప్రశాంతి గడప బయట చెంబుతో నీళ్ళు పెట్టి ఉంచింది. పూడ్చిపెట్టి వచ్చినవాళ్ళకు పెట్టినట్టు.

"కాళ్ళు కడుక్కొని రా అత్తా."

"దొరకలేదు లే మే," అంది ఓబులమ్మ. అయినా కడుక్కునే లోపలికి వచ్చింది.