హనుమక్కకు తెరవని గేటు

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఏళ్ళ తరబడి ఒక అబద్ధాన్ని కడుపులో దాచుకుని తిరుగుతున్నాను. అది బయటపడుతుందేమోనన్న భయంతో ఈమధ్య అన్నం సయించడం లేదు. ఎవరైనా వెనకనుంచి పిలిస్తే ఉలిక్కిపడుతున్నాను.

తిరుమణి దగ్గర సోలార్ పార్కులో ఒక గేటుకు నేను కాపలావాణ్ణి. ఒకప్పుడు మా వేరుశనగ చేలు ఉన్న చోట ఇప్పుడన్నీ ప్యానెళ్ళే. వాటి నడుమ ఊరి చివరి ఎస్సీ కాలనీవాళ్ళ శ్మశానం చిక్కుకుపోయింది. వాళ్ళలో ఎవరు పోయినా శవాన్ని కంచె దగ్గర దించి బతిమాలుకోవలసి వచ్చేది. అది చూడలేక మా పంచాయతీ ఒక నియమం చేసింది. చావుకు గేటు తెరిచి తీరాలి, ఎవరి అనుమతీ అక్కరలేదు, తనవాళ్ళ పక్కన మన్ను దక్కడం మనిషి హక్కు.

హనుమక్క ఆ కాలనీ మనిషే. ప్యానెళ్ళు కడిగే పనికి నా గేటు మీదుగానే వచ్చేది. “మా ఆయన ఆడే ఉండాడు. నన్నూ ఆడికే ఎత్తుకొని పోవల్ల. గేటు తీస్తావు గదప్పా?” అని నవ్వుతూ అడిగేది. తీస్తాలే అవ్వా అనేవాణ్ణి.

ఒకసారి వేరేవాళ్ళ చావుకు దారి పొడుగునా బొరుగులు చల్లారు. ఆ బొరుగులకు పిట్టలు దిగి ప్యానెళ్ళన్నిటి మీదా రెట్టలు వేశాయి. మళ్ళీ ఇలా జరిగితే నన్ను ఇంటికి పంపిస్తానని సూపర్‌వైజర్ అందరి ముందూ తిట్టాడు. ఆ వారంలోనే హనుమక్క పోయింది.

ఇలాంటి పార్కుల్లో పంచాయతీ నియమాలు చెల్లకుండా ఢిల్లీలో చట్టం తెస్తారని అప్పట్లో టీవీలో చెబుతున్నారు. తెస్తారని మాత్రమే. ఇంకా తేలేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

ఆమె కొడుకు అంజినప్ప పాడె మోసుకుంటూ గేటు దగ్గరికి వచ్చాడు.

“తాళం తీయన్నా.”

“తీసేకి లేదప్పా. ఆ రూలు ఢిల్లీలో కొట్టేసినారు.”

“ఎప్పుడు? మాకెవురూ చెప్పలేదే.”

“నిన్ననే. టీవీలో వచ్చింది. నా చేతిలో ఏమీ లేదు.”

“నువ్వు చెప్తే నిజమే ఉంటాదిలే,” అన్నాడు. ఆదివారం, పంచాయతీ ఆఫీసు మూసి ఉంది. మండుటెండ. శవాన్ని ఎంతసేపని పెట్టుకుంటారు? వెనక్కి తీసుకుపోయి రోడ్డు పక్క వంక గట్టున పూడ్చారు. ఆమె అక్కడ ఒక్కతే ఉంది.

రెండు నెలలకు ఆ చట్టం నిజంగానే వచ్చింది. పంచాయతీ నియమం కొట్టుకుపోయింది. ఊరంతా తల పట్టుకుంటే నేను లోలోపల సంతోషించాను. అవును, సంతోషించాను. నా అబద్ధం నిజమైపోయింది, ఇక ఎవరూ అడగరు అనుకున్నాను. ఉద్యోగం పోతుందనే అలా అన్నానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. మరి ఆ పాడె మా వీధిలోనిదైతే? మా అమ్మదైతే? అంత తేలిగ్గా నోరు వచ్చేదా? రాదు. నాకు తెలుసు.

ఇప్పుడు ఆ చట్టం మీద ఊరివాళ్ళు కోర్టుకు పోతున్నారు. చట్టం వల్ల తన తల్లికి జరిగిన అన్యాయాన్ని అంజినప్ప జడ్జి ముందు చెబుతాడట. నన్ను కూడా సాక్ష్యానికి రమ్మన్నాడు. లాయరు హనుమక్క పోయిన తేదీ అడిగాడు. ఆ తేదీని చట్టం వచ్చిన తేదీ పక్కన పెట్టి చూస్తే చాలు. అబద్ధం ఆడింది అంజినప్పే అంటారు. ఊరి కేసు మొత్తం నవ్వులపాలవుతుంది. నా భయం వాళ్ళ కోసమా, నా కోసమా? నా కోసమే ఎక్కువ. ఇది రాస్తున్నప్పుడు కూడా.

రేపు అతని ఇంటికి పోవాలి. గుమ్మం దాకా పోయి తిరిగి వచ్చేస్తానేమో, నా మీద నాకే నమ్మకం లేదు. అతను క్షమిస్తాడని నేను అనుకోవడం లేదు, అడగను కూడా. ముందు ఎక్కడో ఒకచోట ఈ మాట పడాలి. హనుమక్క పోయిన రోజు పంచాయతీ నియమం అమల్లోనే ఉంది. తాళంచెవి నా జేబులో ఉంది.