పట్టని బీగంచెవి

మాది పామిడి. మా వైపు తాళాన్ని బీగం అంటాం, తాళంచెవిని బీగంచెవి అంటాం. ఇది ఒక బీగంచెవి సంగతి. పెద్ద సంగతేమీ కాదు. కానీ ఇన్నేళ్లయినా మనసులోంచి పోలేదు. చెప్పేస్తే పోతుందేమోనని ఒక ఆశ.

తొంభైల చివర్లో నన్ను పశువుల డాక్టరుగా మడకశిరలో వేశారు. పేరుకు పశువుల డాక్టరే గానీ అక్కడ నా పని ముప్పాతిక వంతు గొర్రెలతోనే. వానల్లేని చోట ఎద్దులూ ఆవులూ నిలవవు, గొర్రె నిలుస్తుంది. మందలన్నీ కర్ణాటక సరిహద్దు ఊళ్లలో ఉండేవి. ఆ ఊళ్లకు బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. గవర్నమెంటువాళ్లు జీపు ఇస్తామంటూనే ఉన్నారు, ఇవ్వకుండానే ఉన్నారు. చూసీ చూసీ మా అన్న వాడి వదిలేసిన పాత కారు తెచ్చుకున్నాను. ఆడమనిషి ఒంటరిగా కారు తోలుకుని మంద దగ్గరికి వస్తే మొదట్లో కాపరులు గొర్రెల్ని వదిలేసి నన్ను చూసేవాళ్లు. రెండు నెలలకు అలవాటుపడ్డారు. కారే దేనికీ అలవాటుపడలేదు. దుమ్ముకు దగ్గేది, ఎండకు ఉడికేది, మైలు దూరంలో ఒక్క చెట్టు కూడా లేని చోటు చూసుకుని సరిగ్గా అక్కడే ఆగేది.

ఇక నా సంగతి. కోపం నా ముక్కు మీదే ఉంటుంది. "దీనికంటే ముందు దీని నోరు పుట్టినాది" అనేవాడు మా నాయన. ఉద్యోగంలో అది కొంత పనికొచ్చింది. మిగతా చోట్ల ఎంత పనికొచ్చిందో ఇప్పుడు చెప్పేదాంట్లో మీకే తెలుస్తుంది.

బస్టాండు వెనక రేకుల షెడ్డులో ఒక మెకానిక్కు ఉండేవాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, గడ్డం నెరిసి. చిన్నప్పుడు తుముకూరు లారీ షెడ్లలో పని నేర్చుకున్నాడట, మాటల్లో సగం కన్నడం దొర్లేది. మాటలు కూడా తక్కువే. అతని షెడ్డు గోడకు ఒక చెక్క, చెక్క నిండా మేకులు, మేకులకు ఊళ్లోని బండ్ల బీగంచెవులు. బాగుకు వచ్చినవే కాదు. ఊరికి పోయేవాళ్లు కూడా "ఈడ పెట్టి పోతాండాన్నా" అని తగిలించి పోయేవాళ్లు. ఏది ఎవరిదో చీటీ ఉండదు, అతనికి తెలుసు. షెడ్డుకు తలుపు లేదు. దారిన పోయేవాడెవడైనా చెయ్యి పెట్టి తీసుకోవచ్చు. ఎవరూ తీసుకోలేదు. ఆ చెక్కను చూసే కొత్తవాళ్లు కూడా అతని దగ్గరికి వచ్చేవాళ్లు. అతనికి బోర్డూ లేదు, పేరూ లేదు, ఉన్నదల్లా ఆ చెక్కే.

ఒకసారి కారు రెండు రోజుల పనికని ఇచ్చాను. నా రింగులో రెండు బీగంచెవులూ కలిపే ఉండేవి, రింగుతో సహా ఇచ్చేశాను. రెండో రోజు పొద్దునకల్లా అయిపోతుందన్నాడు. మధ్యాహ్నానికీ కాలేదు. అంతలో ఒక ఊళ్లో గొర్రెలు వరసగా పడిపోతున్నాయని కబురొచ్చింది. నేను ఎండలో నడుచుకుంటూ షెడ్డుకు పోయి, నలుగురి ముందర నోటికొచ్చినట్లు అరిచాను. అతను బానెట్టు మూసి, చేతులు తుడుచుకుని, "డాక్టరమ్మా, ఒక మాట చెప్పల్ల" అన్నాడు.

"నీ మాటలు తర్వాత ఇంటానప్పా. ముందు బీగంచెవి ఇయ్యి!"

ఇచ్చాడు. పోయాను. ఆ మాట ఏమిటో నేను మళ్లీ అడగలేదు, అసలు అలాంటి మాటొకటి ఉందనే మరిచిపోయాను.

పది రోజుల తర్వాత ఇంట్లో రింగు చూస్తే ఒకే చెవి ఉంది. బీరువా వెతికాను, హ్యాండ్ బ్యాగు బోర్లించాను, ఆస్పత్రి టేబుల్ సొరుగులన్నీ లాగాను. లేదు. ఇచ్చినప్పుడు రెండు, వచ్చినప్పుడు ఒకటి. ఈ లెక్కకు పెద్ద చదువు అక్కర్లేదు.

ఆస్పత్రిలో కాంపౌండరు పెద్దవాడు, ఆ ఊరివాడు. నేను చాటుగా ఏదీ దాచుకోలేను, అతనికి చెప్పేశాను. ఇప్పుడే పోయి అడుగుతానని లేచాను కూడా. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"అడగొద్దు డాక్టరమ్మా. ఈడ అడిగేదంటే దొంగ అనేదే. ఆయప్ప ఊరుకుంటాడా? ఆంజనేయస్వామి గుడికాడ కర్పూరం అంటిచ్చండి, ఆర్పుతా అంటాడు. ఊరంతా వచ్చి చూస్తాది."

అది ఆ పక్క రివాజు. ఎవరి మీదైనా నింద పడితే గుడి ముందర కర్పూరం వెలిగిస్తారు. తప్పు చేయనివాడు దాన్ని చేత్తో ఆర్పి ప్రమాణం చేస్తాడు. అబద్ధమాడి ఆర్పితే వంశం నిలవదని నమ్మకం.

"ఆర్పితే నింద పోయినట్టే కదా?" అన్నాను.

"యాడ పోతాదమ్మా! సైకిల్ షాపాయప్ప ఉంగరం ఇసయంలో ఆర్పినాడు. ఆ ఉంగరం పోగొట్టుకున్నోళ్లింట్లోనే దొరికినాది గూడా. అయినా అయిపాయ, మళ్ల ఎవరూ ఆ షాపు మెట్టెక్కలేదు."

నిజమే అనిపించింది. ఒక మాట నేనంటే ఆ చెక్క మీది మేకులన్నీ ఒక్క రోజులో ఖాళీ అవుతాయి. అతని బతుకంతా ఆ మేకుల మీదే వేలాడుతోంది. సరే, అడగను, పెద్దమనసు చేసుకుంటాను అనుకున్నాను. అడక్కుండా ఉండటమే పెద్ద ఉపకారమని నా లెక్క. ఆ వారంలోనే హిందూపురం పోయి, తలుపుల బీగాలూ కారు స్టార్టు చేసే బీగమూ అన్నీ మార్పించుకుని వచ్చాను. కొత్త చెవులు రెండు. పాత కారుకు కొత్త నగ పెట్టినట్లు తళతళలాడేవి.

పని మాత్రం అతని దగ్గరే చేయించుకున్నాను. ఆ ముసలి ఇంజను ఇంకెవరి మాటా వినేది కాదు. కాకపోతే కారు వదిలిపెట్టి పోవడం మానేశాను. పని అయ్యేదాకా అక్కడే బెంచీ మీద పేపరు చదువుతున్నట్లు కూర్చునేదాన్ని, చెవి నా గుప్పిట్లోనే. మొదటిసారి అతను బీగంచెవి కోసం చెయ్యి చాపాడు. నేను ఇవ్వకుండా నేనే కూర్చుని స్టార్టు చేశాను. అతను చెవి వంక ఒకసారి చూసి, తల వంచుకుని పనిలో పడ్డాడు. ఆ తర్వాత ఎప్పుడూ చెయ్యి చాపలేదు.

కొన్నాళ్లకు కాంపౌండరు కూడా తన స్కూటరు అక్కడ వదలడం మానేసి నా పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. తర్వాత ఎరువుల అంగడాయన. తర్వాత ఇంకొకాయన. నేను ఒక్కడికే చెప్పాను. కానీ మడకశిరలో ఒక్కడికి చెప్పడమంటే ఏమిటో నాకు తెలియనిదా? చెక్క మీద మేకులు కనబడటం మొదలైంది. నేను పేపరు మీది నుంచి వాటిని చూసేదాన్ని, మళ్లీ పేపరులోకి పోయేదాన్ని.

ఏడాది గడిచింది. ఆ ఎండాకాలం గొర్రెలకు పారుడు రోగం వచ్చింది. టీకా మందు ఐసు డబ్బాలో పెట్టుకుని పొద్దున్నే ఒక సరిహద్దు ఊరికి బయల్దేరాను. ఐసు కరిగితే ఆ మందు మందు కాదు, ఉత్త నీళ్లు. ఊరి బయట మూడు మందలు తోలుకొచ్చి నిలబెట్టి ఉన్నారు. నేను ఆగీ ఆగకముందే ఒక ముసలి కాపరి పడిపోయిన గొర్రెను చేతుల్లో ఎత్తుకుని పరిగెత్తుకొచ్చాడు. దుమ్మని అద్దాలన్నీ బిగించి ఉన్నాను. చప్పున దిగి, తలుపు బీగం బొత్తాం నొక్కి, తలుపు వేశాను. గొర్రెను చూశాను, అది అప్పటికే పోయింది. వెనక్కి తిరిగి చూస్తే కొత్త చెవి కారు లోపల తళతళలాడుతోంది. రెండోది మడకశిరలో నా బీరువాలో ఉంది. ఐసు డబ్బా వెనక సీట్లో ఉంది.

"అద్దం పగలగొడ్తామా డాక్టరమ్మా?" ఒకడు రాయి పట్టుకుని రెడీగా ఉన్నాడు. ఉండమని, ఊళ్లో ఫోనున్న కిరాణా అంగడికి పరిగెత్తి, షెడ్డు పక్క టీ అంగడికి ఫోన్ చేసి మెకానిక్కును పిలిపించాను. అరవకుండా చెప్పాను. అరవడానికి నోరు రాలేదు.

"ఐసు ఎంతసేపు నిలుస్తాది?" అన్నాడు.

"పన్నెండు దాకా నిలవొచ్చు."

 అతను మామూలుగా, స్పానరు సైజు చెప్పినట్లు చెప్పాడు. "ముందర బంపరు వెనక, ఎడమ పక్క, కమ్మీకి ట్యూబు ముక్క సుట్టి తీగతో కట్టిండా. దాంట్లో మీ పాత బీగంచెవి ఉండాది. ఒంటిగా తిరిగేవాళ్లకి అట్ల కట్టిస్తా నేను. ఆ పొద్దు చెప్పల్లనుకున్నా, మీరు ఇనకుండా పోయినారు. కానీ అదిప్పుడు పట్టదు గదమ్మా, మీరు బీగం మార్పిచ్చుకున్నారు. ఉండండి, వస్తాండా."

నేను కారు దగ్గరికి వచ్చి, దుమ్ములో మోకాళ్ల మీద కూర్చుని బంపరు వెనక చెయ్యి పెట్టాను. నల్లటి ట్యూబు ముక్క, మీద తీగ, తుప్పు పట్టకుండా గ్రీజు. విప్పాను. ఉంది. ఎందుకో తలుపు బీగంలో పెట్టి తిప్పి చూశాను కూడా. పట్టలేదు. కాపరులు చుట్టూ నిలబడి చూస్తున్నారు. అంత సిగ్గు నా జన్మలో పడలేదు.

పదకొండు కాకముందే మోటారు సైకిలు మీద వచ్చాడు. ఒక సన్నటి ఇనుప పట్టీ తీసి, అద్దానికీ రబ్బరుకూ మధ్య దింపి, ఒక్క లాగు లాగాడు. బొత్తాం టక్కున లేచింది. గ్లాసు నీళ్లు తాగినంతసేపు కూడా పట్టలేదు. నేను చూస్తూ నిలబడ్డాను. నా కారు తెరవడానికి ఈ మనిషికి ఏనాడూ చెవి అక్కర్లేదు. దొంగిలించి ఏం చేసుకుంటాడని ఏడాది పొడుగునా నాకు తోచలేదు చూడండి, నన్ను డాక్టరమ్మా అంటారు!

ఐసు ఇంకా ఉంది. టీకాలు వేయడం అయ్యేసరికి రెండు దాటింది. అతను పోలేదు, గొర్రెలు పట్టిచ్చాడు. చేతులు కడుక్కుంటున్నప్పుడు అడిగాను.

"బీగం మార్చినట్లు నీకెప్పుడు తెలుసన్నా?" నేను అన్నా అనడం అదే మొదలు.

"అప్పుడే. చెవి చూస్తే తెలీదా?"

"మరి పాతది ఈడ ఉండాదని అప్పుడే చెప్పొచ్చు గదా! నేను తప్పు చేస్తాంటే చూస్తా ఊరుకున్నావే!"

అతను నా వైపు చూడలేదు. చేతులు లుంగీకి తుడుచుకుంటూ అన్నాడు. "అడిగింటే చెప్పేవాన్నమ్మా. మీరు అడగలేదు, ఎవరూ అడగలేదు. ఒగొగరే వచ్చి చెవులు తీసుకోని పోయినారు. కర్పూరం అంటిచ్చింటే ఆర్పుతాంటి. అంటిచ్చనిదాన్ని ఎట్ల ఆర్పేది?"



మరుసటి రోజు ఆస్పత్రిలో కాంపౌండరును నిలబెట్టి అడగాల్సినవన్నీ అడిగాను. అన్నీ నన్ను నేను అడగాల్సినవే. ఇద్దరం షెడ్డుకు పోయాం. కాంపౌండరు తన స్కూటరు చెవి మేకుకు తగిలించాడు. నేను నా కొత్త చెవుల్లో ఒకటి తగిలించి, అక్కడున్న నలుగురికీ వినబడేలా జరిగిందంతా చెప్పాను. తిట్టినప్పుడు ఎంత గట్టిగా అరిచానో అంత గట్టిగానే చెప్పాను. మెల్లగా ఎరువుల అంగడాయన మళ్లీ తగిలించాడు. కొన్ని మేకులు మాత్రం అలాగే ఉండిపోయాయి.

నేను తగిలించిన చెవిని మెకానిక్కు తీసి నా చేతిలో పెట్టాడు. "మీది మీ కాడే ఉండనీమ్మా" అన్నాడు. కోపంగా కాదు. ఆ తర్వాత ఐదేళ్లు నా కారు బాగుచేశాడు, ఎప్పుడు పిలిస్తే అప్పుడు వచ్చాడు, పనిలో రవ్వంత లోటు చేయలేదు. బీగంచెవి మాత్రం ముట్టలేదు.

బదిలీ అయినప్పుడు కారును కుందుర్పి టీచరొకాయనకు అమ్మేశాను. "ఇంకో బీగంచెవి ఉండాదా మేడం?" అని అడిగాడు. మెకానిక్కు తిప్పి ఇచ్చిన కొత్త చెవి తీసి ఇచ్చాను. ఆ రోజు విప్పి చూసి తిరిగి కట్టేసిన పాతది బంపరు వెనక ఇంకా ఉంది. మళ్లీ గ్రీజు పూసి, ట్యూబు ముక్క చుట్టి, నేనే కట్టాను. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. చెబితే అది ఎందుకు పట్టదో కూడా చెప్పాల్సి వచ్చేది.