నేను గుద్దిన ముసలాయన

ఒరేయ్, ఎవడూ నవ్వకూడదు. నవ్వితే మధ్యలోనే ఆపేస్తా. నిన్న పొద్దున నందిగామ సెంటర్లో, అంతమంది జనం ముందు, "ముసలాయన్ని నేనే గుద్దానండీ" అని చేతులు కట్టుకుని ఒప్పేసుకున్నా! ఎవరు? నేను! జగ్గయ్యపేటలో ఎవడికీ భయపడని నేను!

సంగతేంటంటే, మా రత్నక్కకి నందిగామ ఆడపిల్లల బళ్లో టీచరు ఉద్యోగం వచ్చింది. నిన్న పదకొండులోపు వెళ్లి చేరాలి. ఆలస్యమైతే ఆ పోస్టు ఇంకో అమ్మాయికి ఇచ్చేస్తామని ముందే చెప్పేశారు. ట్రైనింగయిన దగ్గర్నుంచీ దానికోసమే ఎదురు చూస్తోంది అక్క. "నే దింపుతాగా!" అన్నా. మొన్నే లైసెన్సు వచ్చింది కదా, చేతులు దురద.

శీనుగాడు మా కారు చూళ్లేదు కాబట్టి చెప్తా. క్వారీ మేనేజరొకాయన ఊరొదిలి పోతూ మా నాన్నకి అంటగట్టిన బేబీ కారు అది. పాతది. ఎడమ తలుపు తాడుతో కట్టాలి. ముందు హ్యాండిలు పెట్టి తిప్పితే, దానికి బుద్ధి పుడితే స్టార్టవుద్ది. లోపల ముగ్గురు కూర్చున్నాక నాలుగోవాడు గాలి పీల్చకూడదు. అయినా మా నాన్న దాన్ని రోజూ తుడుస్తాడు. నడపడం మాత్రం ఆయనకి భయం.

దాని అసలు జబ్బు రేడియేటరు. నీళ్లు కారిపోతాయి. చిటికెడు పసుపేస్తే చిల్లులు పూడతాయని ఒక లారీ డ్రైవరు చెప్పాడు. చిటికెడు నాకేం ఆనుద్ది? అమ్మ పసుపు డబ్బా మొత్తం వొంపేసా. "అదేమన్నా పులుసుట్రా!" అని అమ్మ అరుస్తానే ఉంది, మేం వెళ్తానే ఉన్నాం.

చిల్లకల్లు దాటామో లేదో, బుస్సుమని ఆవిరి! రోడ్డు పక్కన ఎవరో కొత్తిల్లు కడుతున్నారు. అక్కడో తొట్టి. అడుగున తెల్లగా ఏదో పేరుకుని ఉంది గానీ, పైన నీళ్లు అద్దంలా ఉన్నాయి.

"ఎవర్నన్నా అడిగి తీసుకోరా," అంది అక్క.

"నీళ్లకి కూడా అడిగేదేంటక్కా!"

చెంబుతో ముంచా, పోసా, మూత బిగించా. వేళ్లు కాస్త చుర్రుమన్నాయి. పట్టించుకోలా.

నవాబుపేట దాటాక నేను అక్కవైపు తిరిగి నా డ్రైవింగు గొప్ప నేనే చెప్పుకుంటున్నా. కింద దబ్బుమంది.

"ఏంట్రా అది?"

"గుంటక్కా, గుంట."

ఆగలా. వెనక్కి కూడా చూళ్లా.

నందిగామ సెంటర్లోకి రాగానే కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. దిగి హ్యాండిలు తీసుకుంటున్నా. టీ కొట్టాయన కెవ్వుమన్నాడు.

"రక్తం! అబ్బాయా, ఎవర్ని గుద్దొచ్చావురా?"

వంగి చూసా. కారు కింద ఎర్రగా, చిక్కగా కారి మడుగు కడుతోందిరా! ఆ దబ్బు గుర్తొచ్చింది.

అంతే, జనం. నిక్కరు కానిస్టేబులొకాయన లాఠీ ఊపుకుంటూ వచ్చాడు.

"ఎవర్ని గుద్దావు? ముసలోడా?"

"అ... అవునండీ."

"పంచె కట్టాడా?"

"కట్టాడండీ."

"గడ్డం ఉందా?"

"కొంచెం ఉందండీ. తెల్లగా."

"ఎక్కడ?"

"నవాబుపేట దాటాకండీ."

ఇద్దర్ని సైకిళ్ల మీద అటు తోలాడు కానిస్టేబులు. నేను ఏడుపు మొహం పెట్టి, "అక్కా, నువ్వు బడికి పో, నన్నిక వదిలెయ్" అన్నా. అక్క వినిపించుకోలా. కారు కింద వేలు ముంచి వాసన చూస్తోంది!

"తమ్ముడూ, పసుపు వాసనొస్తోందిరా. ఆ తొట్టిలో ఉన్నది సున్నం కాదు గదా?"

జనంలో ఆడవాళ్లు ముందు నోరు తెరిచారు, ఆ తర్వాత నవ్వు! "పసుపూ సున్నమూ కలిపాడే! దిష్టి నీళ్లే అవి!" ఒక అవ్వయితే కారుని పైనుంచి కిందదాకా చూసి, "ఈ డొక్కుకి దిష్టి పెట్టింది ఎవర్రా నాయనా?" అంది.

అప్పటికి పదకొండు కావస్తోంది. నన్ను కొట్టడానికొచ్చిన జనమే కారుని బడిదాకా తోశారు. అక్క లోపల తలొంచుకుని కూర్చుంది. హెడ్మిస్ట్రెస్సమ్మ వరండాలో నిలబడి, "ఉద్యోగంలో చేరడానికి ఊరేగింపుగా వచ్చావేంటమ్మా?" అని అడిగి లోపలికి తీసుకెళ్లింది. హమ్మయ్య!

నేను గేటు బయట అరుగు మీద కూర్చున్నా. కానిస్టేబులు నన్ను వదల్లా. "సైకిళ్లు తిరిగొచ్చేదాకా కదలమాక," అన్నాడు.

ఒరేయ్, ఇప్పుడు చెప్పేది నవ్వులాటకి కాదు. నేను అబద్ధం చెప్పలేదురా. నాకు ఆ ముసలాయన నిజంగానే కనపడ్డాడు. పంచె అనగానే పంచె కనపడింది. గడ్డం అనగానే గడ్డం వచ్చింది. ఇంకో రెండడిగుంటే పేరు కూడా చెప్పేవాణ్ణి. వెనక్కి తిరిగి చూసుంటే, అక్కడ ఉన్నది గుంటో మనిషో నాకు తెలిసుండేది. చూళ్లేదు కాబట్టే ఎవడేం చెప్తే అది చూశా. అరుగు మీద కూర్చుని, నన్నే ఇంత తేలిగ్గా ఒప్పించారే, స్టేషన్లో కూర్చోబెట్టి అడిగితే మనుషులు ఏమేం ఒప్పుకుంటారో అనుకున్నా.

అంతలో సైకిళ్లొచ్చాయి. ఒకదాని వెనక క్యారియరు మీద ఒక ముసలాయన! పంచె! తెల్ల గడ్డం! అరుగు మీంచి దూకా.

"దొరికాడండీ! అన్నీ సరిపోయినయ్!"

"నన్నెవరూ గుద్దలేదు మొర్రో!" అంటున్నాడు పెద్దాయన. "చేనికి పోతుంటే పట్టుకొచ్చారయ్యా!"

"సరిగ్గా గుర్తు తెచ్చుకో పెద్దాయనా," అన్నాడు కానిస్టేబులు. "కుర్రాడు ఒప్పుకున్నాడు."

నేనెళ్లి ఆయన రెండు చేతులూ పట్టుకున్నా. వెచ్చగా ఉన్నాయిరా. ఏడుపొచ్చేసింది. ఆయనకేం అర్థం కాక, "ఏంది బాబూ, ఇంట్లో ఎవరన్నా పోయారా?" అన్నాడు.

అక్క నవ్వుకుంటూ బయటికొచ్చింది. చేరిపోయింది! సోమవారం నుంచి పాఠాలంట. సంగతంతా విని, "తాతా, ఏమనుకోమాకండి. మా తమ్ముడు మిమ్మల్ని కారులో చేనిదాకా దింపుతాడు," అంది.

తాత కారుని చూశాడు, కింద ఇంకా బొట్లుబొట్లుగా పడుతున్న ఎరుపుని చూశాడు, నన్ను చూశాడు.

"వద్దమ్మా. గుద్దకుండానే ఇంతదూరం వచ్చి పడ్డా. ఎక్కితే ఎక్కడ తేల్తానో!"

చకచకా నడిచిపోయాడు. మా కారు స్టార్టయ్యేలోపు చేనికి నీళ్లు కూడా పెట్టుంటాడు.