పెద్దమ్మ కలిపిన ఆపిల్ మందు

పోయిన వారం పెద్దమ్మ పోయింది. మా ఇంట్లో ఫోను లేదు. ఎదురింటివాళ్లకు నాయన ఫోను చేస్తే, వాళ్లమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పింది. మధ్యాహ్నం అన్నం తిని, చాప మీద కాస్త నడుం వాల్చి, మళ్లీ లేవలేదట. ఒకరిచేత చేయించుకోకుండా పోవాలని ఆమె ఎప్పుడూ అనుకునేది, అట్లాగే పోయింది. బస్సులో తిరుపతి చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను. అక్కడ ఆమెనెరిగిన వాళ్ల మధ్య కూర్చున్నాక మాత్రం ఏడుపు నిలవలేదు. ఒక్కొక్కరూ ఆమె మాట ఒకటి తీస్తుంటే చావింట్లో నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

నేను చదువుకున్నదంతా ఆమె ఇంట్లోనే. ఆమెకు పిల్లల్లేరు. పెద్దనాయనకు బజారులో పండ్ల అంగడి ఉండేది. దసరా దాటి ముసురు పట్టే రోజుల్లో ఆపిల్ పెట్టెలు దిగేవి. ఎండుగడ్డి పరిచిన కొయ్యపెట్టెలు. ఎక్కడో చలిదేశంలో శరదృతువంటే ఆకులు రాలడమేమో, మాకు మాత్రం ఆ గడ్డివాసనే. దారిలో దెబ్బ తగిలి మచ్చపడ్డ పండ్లను పెద్దనాయన సంచిలో వేసి ఇంటికి తెచ్చేవాడు.

ఆ కాలంలో ఆపిల్ అంటే ఆసుపత్రిలో పడుకున్నవాళ్లకు పట్టుకుపోయే పండు. మా వంటింట్లో అన్ని ఆపిళ్లు చూసి ఇరుగుపొరుగువాళ్లు "ఎవరికి బాగలేదు?" అని అడిగేవాళ్లు. "అందరం గుండ్రాళ్ల మాదిరి ఉండాం. బాగుండేవాళ్లకు నోరు లేదా యేమి?" అనేది పెద్దమ్మ.

మచ్చలు చెక్కేసి, ముక్కలు కోసి, బెల్లం, చెక్క, లవంగాలు, శొంఠి వేసి చిక్కగా కాచేది. పలచని గుడ్డలో వడకట్టి కుండలో పోసి చల్లార్చేది. ఎవరైనా వస్తే అందులోంచి రెండు గరిటెలు గ్లాసులో పోసి, నిమ్మకాయ పిండి, పైన గోలీసోడా కొట్టేది. ఒకరికి కలిపినట్టు ఇంకొకరికి కలిపేది కాదు. ఒకరికి సుగంధి షర్బత్ చుక్క, ఒకరికి చిటికెడు ఉప్పు, మిరియాల పొడి. "మనిషి నోరు సూసి కలపాల" అనేది. నోరు చూస్తే ఏం తెలుస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె కలిపింది మాత్రం ఎవరూ వద్దనలేదు.

చిక్కు ఎక్కడంటే, కుండలోని ఆ పాకాన్ని ఆమె "మందు" అనేది. శొంఠి, లవంగం పడితే చాలు, ఏది కాచినా ఆమెకు మందే. వినీ వినీ నేనూ అట్లాగే అలవాటు పడ్డాను. ఆ మాటకు లోకంలో వేరే అర్థాలున్నాయని, నన్ను చూసుకోవడానికి సత్యవేడు నుంచి పెళ్లివారు వచ్చిన రోజే మా ఇద్దరికీ గుర్తొచ్చింది.

ముసురు పడుతోంది. అబ్బాయి, వాళ్ల అమ్మానాన్నలు ముందుగదిలో కూర్చున్నారు. అబ్బాయిని తలుపు సందులోంచి చూసేశాను. నచ్చాడు. అంతకుముందు వచ్చినవాళ్లలో ఎవరూ నచ్చలేదు గనక ఈ సంబంధం కుదరాలని లోపల్లోపల మొక్కుకుంటున్నాను. వంటింట్లో నేను గ్లాసుల్లో పాకం పోస్తున్నాను. పెద్దమ్మ గొంతు సంగతి తెలిసిందే, మెల్లగా మాట్లాడినా వీధికి వినిపిస్తుంది.

"పిల్లోడి గ్లాసులో మందు సాల్లేదు మే. ఇంకో రెండు గరిటెలు పొయ్యి. బాగా పట్టాల."

నేను గ్లాసులు తీసుకుపోయేసరికి అబ్బాయి వాళ్లమ్మ ముఖంలో నెత్తురు లేదు. "ఒరే, ఆ గ్లాసు ముట్టుకోవాకు" అంది కొడుకుతో. ఆడపిల్లవాళ్లు మగపిల్లాడికి మందు పెట్టి కొంగున కట్టేసుకుంటారని ఆమె ఎన్ని కథలు విని ఉందో! అబ్బాయి నాన్న ముఖం మాత్రం వెలిగింది. ఆయనకు తోచిన మందు వేరు. మా నాయన తల వంచుకున్నాడు.

పెద్దమ్మ బయటికి వచ్చి అందరి ముఖాలూ చూసింది. అబ్బాయి గ్లాసు తీసుకుని గటగటా అడుగుదాకా తాగేసి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"సూడు వదినా, మందు నేనే తాగేస్తిని. రవంతసేపు సూద్దాం. మీ పిల్లోడి మీద నాకు ఆశ పుట్టిందంటే నన్నే తీసకపోండి, దీన్ని ఈడనే పెట్టుకుంటా."

మగవాళ్లు పగలబడి నవ్వారు. అబ్బాయి వాళ్లమ్మ నవ్వలేదు. పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయి కుండ మూత తీసి చూపించింది. లోపలినుంచి మాటలు, సోడా కొట్టిన చప్పుడు, కాసేపటికి ఇద్దరి నవ్వు.

ఈలోగా అబ్బాయి మెల్లగా అడిగాడు. "నా గ్లాసు ఖాళీ చేసేసింది గదా మీ పెద్దమ్మ. నాకు లేదా?"

నాకని తెచ్చిన గ్లాసు అందించాను.

"ఇందులో మందు ఉండాదా?"

"ఉండాది" అన్నాను. ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అది. చుక్క మిగల్చకుండా తాగేశాడు.

అయినా వాళ్లు ఏ మాటా తేల్చలేదు. ఇంటికి పోయి జాబు రాస్తామన్నారు. ఆ జాబులెట్లా ఉంటాయో ఆడపిల్లలున్న ఇళ్లకు తెలుసు. పెద్దమ్మ వాళ్లను సాగనంపడానికి రెండిళ్ల అవతల బస్సు ఆగే వీధి మలుపుదాకా వెళ్లింది. నేను మిద్దె ఎక్కి పిట్టగోడ పక్కన నిలబడ్డాను. బస్సు వచ్చింది. మగవాళ్లు ఎక్కారు. అబ్బాయి వాళ్లమ్మ మెట్టు మీద కాలు పెట్టి, మళ్లీ దిగింది. సంచిలోంచి ఊరికి తీసుకుపోవడానికి కొన్న కనకాంబరాల దండ తీసి, సగానికి తెంచి పెద్దమ్మ దోసిట్లో పెట్టింది. కండక్టరు విజిల్ ఊదుతున్నా ఆమె మాట నాదాకా వినిపించింది.

"జాబు ఎందుకులే వదినా. పిల్లకు పెట్టు."

పెద్దమ్మను తలుచుకుంటే ఇప్పుడు నాకు కనిపించేది ఆ మలుపే. బస్సు కదిలింది. సన్నగా తుంపర. చెయ్యి ఊపుదామంటే రెండు చేతుల నిండా పూలు. అవి తడవకుండా దోసిలి గుండెలకు ఆనించుకుని, బస్సు కనుమరుగయ్యేదాకా తల ఊపుతూనే నిలబడింది.