బోడి కత్తి

మొన్న ఆదివారం మా మనవరాలికి కొరియర్‌లో ఒక పొట్లం వచ్చింది. అట్టపెట్టె, దానిలో ఇంకో అట్టపెట్టె, దానిలో ఉబ్బిన ప్లాస్టిక్ సంచి, అన్నీ విప్పాక చివరికి చూస్తే నా జానెడు కూడా లేని కత్తి. దీనికా ఇంత సంబరం అనుకున్నాను. స్నేహితురాళ్ళతో గుట్టలెక్కే పిచ్చి ఉందిలెండి దానికి, అక్కడ తాళ్ళూ గీళ్ళూ కోసుకోవడానికట. కత్తికి పిడి లేదు. మొన నుంచి తోక దాకా ఒకటే ఇనుము, పట్టుకునే చోట మూడు బెజ్జాలు. పెట్టెలోనే నారింజ రంగు తాడు ఒకటి చుట్టగా పెట్టి పంపారు. ఆ పిల్ల కత్తిని నా ఒడిలో పెట్టి, "అమ్మమ్మా, హ్యాండిల్‌కి ఈ తాడు చుట్టాల్నా, వద్దా? చుడితే గ్రిప్ మంచిగుంటదంటున్రు, చుట్టకుంటే లుక్ మంచిగుంటదంటున్రు. నువ్వు చెప్పు" అంది. ఇంత పెద్ద బాన్సువాడలో అడగడానికి దానికి ఇంకో మనిషి దొరకలేదు. నాకిప్పుడు ఎనభై దాటాయి. ఆ ప్రశ్న మొదటిసారి వచ్చినప్పుడు నాకు పదిహేడు.

బీర్కూర్ దగ్గర పల్లెలో పుట్టి బాన్సువాడ కోడలినయ్యాను. అప్పటికి నిజాంసాగర్ కాలువ నీళ్ళు వచ్చి చాలా ఏళ్ళయింది. ఎటు చూసినా వరి, చెరుకు, మోకాళ్ళ దాకా బురద. మా అత్తగారి ఇల్లు పెద్దది, ఆమె పట్టింపులు ఇంటికన్నా పెద్దవి. చీపురు నిలబెడితే తప్పు, పడుకోబెడితే తప్పు. మరి దాన్ని ఎక్కడ పెట్టాలో నాకు ఏడాది పట్టింది తెలియడానికి. గోడ మీది బల్లి కూడా మా అత్తను అడగకుండా అరవడానికి జంకేది. వీటన్నిటిలో ఆమె అసలు ఓర్చుకోలేనిది ఒక మాట ఉండేది: బోడి. కొమ్ములు లేని మేకను బోడి మేక అంటారు కదా, అలాంటిది మందలో పుడితే ఆ వారం సంతలోనే పోయేది. గాజులు లేని చెయ్యి బోడి చెయ్యి, పుస్తె లేని మెడ బోడి మెడ. భర్త పోయిన ఆడవాళ్ళు మా వాకిట్లోకి వస్తే, వాళ్ళు వెళ్ళేదాకా నన్ను లోపలి అర్రలో కూచోబెట్టేది. కడుపుతో ఉన్నదాన్ని కదా, ఆ గాలి నాకు తగలకూడదట.

కానీ ఊళ్ళో చెయ్యి మంచిదని పేరున్న మంత్రసాని ఒక్కతే, ఆమేమో భర్త పోయిన మనిషి. ఆయన బతికుండగా ఊరందరికీ గడ్డాలు గీసేవాడట. నేనామెను అవ్వా అనేదాన్ని. పొడుగ్గా, ఎండిపోయి, నవ్వితే ఒక పక్కకే నవ్వేది. మా వీధిలో సగం మంది ఆమె చేతిలోనే భూమ్మీద పడ్డారు. అంత పట్టింపుల మనిషి అయి కూడా మా అత్త ఆమెను కాదనలేకపోయింది, కాకపోతే ఆ కాదనలేకపోవడం ఆమె గొంతులో ముల్లులా ఉండేది. ఏడో నెలలో అవ్వ నా కడుపు చూడటానికి వచ్చినప్పుడు బొడ్డు కోసే కత్తి చూపించమన్నాను. చిన్న పిల్లలాగా భయమూ, కుతూహలమూ. మూటలోంచి తీసి చూపించింది. విరిగిన కొడవలి ముక్కతో కమ్మరి చేసిచ్చాడట. చెక్కలు బిగించడానికి మూడు బెజ్జాలు కూడా పెట్టాడు, ఈమె మాత్రం చెక్కలు వేయించుకోలేదు. బెజ్జంలో తీగ దూర్చి కత్తి మొత్తం నిప్పుల్లోకి దించుతుంది, ఆ తర్వాత సలసల మరిగే నీళ్ళల్లోకి. అరచేతి నిండా కాలిన మచ్చలు.

"పిడి పెట్టించుకోరాదా అవ్వా? చెయ్యన్నా కాలకుంటుండె" అన్నాను.

"పిడి ఉంటే నిప్పు ఆడిదాంక పోదు బిడ్డా. మా అత్త చెప్పింది నాకు. కట్టెల, గుడ్డల ఏదో ఒకటి దాసుకుంటదట. ఉత్త ఇనుముల ఏం దాసుకోదు. నా చెయ్యి కాలితే కాలనీ, నీ పోరడు సల్లగుండాలె" అంది.

ఈ మాట ఆమె నాకు చెప్పింది. నా కళ్ళల్లోకి చూసి చెప్పింది. తెలియక చేశానని నేను ఏ దేవుడి ముందూ అనడానికి లేదు.

సరిగ్గా అప్పుడే మా అత్త మజ్జిగ చెంబుతో వచ్చి కత్తిని చూసింది. "ఏందే గిది? బోడి కత్తి! తెచ్చేదానివి నువ్వే బోడి మెడదానివి, ఇగ కత్తి గూడ బోడిదేనా? నా ఇంట్ల తొలిచూలుకు గిదా?" అని చెంబు అక్కడే దించేసింది. ఆ మాటకు అవ్వ మొహం ఎలా అయిందో నేను చూడలేదు. చూడకుండా ఉండటం నాకు అప్పటికే అలవాటైంది. పురిటికి వారం ముందే కత్తి మా ఇంట్లో పెట్టి పోవాలనీ, పట్టుకునే చోట పసుపు దారం చుట్టి ముత్తైదువలా చేస్తామనీ మా అత్త తీర్పు చెప్పేసింది. అవ్వ మెల్లగా, "దారం అంటుకుంటది పటేలమ్మా, నిప్పుల ఎట్ల పెట్టాలె?" అంది.

"మొనొక్కటి కాల్చుకో. కోసేది మొననే గద!"

కోసేది మొనే కదా, నిజమే కదా. తెలివైన మాటలతో ఎంత నాశనం చేయొచ్చో నేను ఆ రోజు నేర్చుకోవలసింది, నేర్చుకోలేదు. అవ్వ కత్తి మూటలో పెట్టుకుని పోయింది, చెప్పిన రోజుకు తెచ్చి అప్పగించింది.

దారం చుట్టింది నేను. మా అత్త చెయ్యలేదు, పనిమనిషి చెయ్యలేదు, నేనే. నూలు తీసి, మైల పోవాలని మా అత్త చెప్పినట్టే ఆవు పేడ నీళ్ళల్లో నానబెట్టి, పిట్టగోడ మీద ఎండబెట్టి, పసుపు పూశాను. జడ అల్లినట్టు అడ్డంగా నిలువుగా బిగించి చుట్టాను. బోసిగా ఉన్న ఇనుము కాస్తా పసుపుపచ్చగా, ముద్దుగా, పెళ్ళికూతురి చెయ్యిలా తయారైంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, చూసి మురిసిపోయాను. అవ్వ చెప్పిన మాట గుర్తు రాలేదా? వచ్చింది. వచ్చినా చుట్టాను. మా అత్త కత్తి అటూ ఇటూ తిప్పి చూసి, "నా కోడలి చెయ్యి చెయ్యే" అంది. ఆమె బతికున్నన్నాళ్ళూ నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

నాట్ల రోజుల్లో, పట్టపగలు, మగవాళ్ళంతా పొలంలో ఉండగా నొప్పులు వచ్చాయి. అన్నీ సవ్యంగానే జరిగాయి. చివర్లో అవ్వ కత్తి చేతిలోకి తీసుకుని దారం ముడి దగ్గర గోటితో గీకడం నేను పడుకునే చూశాను. విప్పాలని చూస్తోంది. గుమ్మంలోంచి మా అత్త, "ఏం జేస్తున్నవే ఆడ?" అంది. గోరు ఆగిపోయింది. ఒక్క క్షణం నా వైపు చూసింది. విప్పు అవ్వా అని నేనంటే మా అత్త తర్వాత నన్ను నాలుగు తిట్టేది, అంతే కదా! నేను కళ్ళు మూసుకున్నాను. మొన ఒక్కటే కాల్చింది. మగపిల్లవాడు.

ఆరు రోజులు ఆవురావురుమని పాలు తాగాడు. కుడి చెవి వెనక పుట్టుమచ్చ, నా వేలు పట్టుకుంటే వదిలేవాడు కాదు. ఏడో రోజు పొద్దున రొమ్ము అందిస్తే నోరు తెరవలేదు. దవడలు బిగిసిపోయాయి. ముట్టుకుంటే చాలు, ఒళ్ళంతా విల్లులా వంగిపోయేది. మా మామ తాయెత్తు తెచ్చాడు, మా అత్త దిష్టి తీసింది, నేను ఏడ్చాను. ఎనిమిదో రోజు మధ్యాహ్నానికి అయిపోయింది. ఇంతకన్నా దాని గురించి రాయలేను.

పిల్లవాడు పోయిన మూడో రోజు అవ్వను పిలిపించారు. ఆమె వాకిట్లో నిలబడింది. మా మామ మంచం మీద, నా పెనిమిటి అరుగు మీద, నేను లోపల గడప దగ్గర. మా అత్త గుండెలు బాదుకుంటూ, "నీ బోడి కత్తి నా వంశాన్ని కోసిందే! దారం గూడ సక్కగ చుట్టలేదు గదనే!" అంది. అవ్వ తల ఎత్తి, "కత్తి నాదే పటేలమ్మా. దారం నేను చుట్టలే" అంది.

"మరెవలు చుట్టిన్రు?" అన్నాడు మా మామ.

మా అత్త కప్పు వైపు చూసింది. అవ్వ నా వైపు చూసింది. కోపంగా కాదు. బస్సు కోసం చూసే మనిషిలా, వస్తుందనే నమ్మకంతో చూసింది. నేను గడప మీది ముగ్గు చూస్తూ కూచున్నాను. "ఇగెవలు చుడతరు, గదే చుట్టింది" అంది మా అత్త. నేను నోరు తెరవలేదు. నా పెనిమిటి లేచి, కత్తి తీసుకుపోయి, దారంతో సహా కాలువలో విసిరేసి వచ్చాడు. ఆ రోజు నుంచి ఊళ్ళో ఎవరూ ఆమెను పురిటికి పిలవలేదు. ఆమె ఎదురొస్తే కడుపుతో ఉన్నవాళ్ళు పక్క సందులోకి తిరిగేవారు. ముప్పై ఏళ్ళ పేరు మూడు మాటల్లో పోయింది, ఆ మూడు మాటలు అబద్ధమని ఆమె కాక ఎరిగినవాళ్ళం ఇద్దరమే, మా అత్తా నేనూ. మేమిద్దరం దాని గురించి ఎన్నడూ మాట్లాడుకోలేదు.

మూడేళ్ళకు మళ్ళీ నొప్పులొచ్చాయి. కొత్త మంత్రసాని దెగ్లూరు పెళ్ళికి పోయింది. ఇంకో దిక్కు లేక నా పెనిమిటే వెళ్ళి అవ్వను బతిమాలాడు. వచ్చింది. ఎండలో వాకిట్లో నిలబడి మూటలోంచి కొత్త కత్తి తీసింది. మళ్ళీ ఉత్త ఇనుమే, మళ్ళీ మూడు బెజ్జాలు. అందరికీ వినబడేట్టు, "ముందుగాల్నే చెప్పుండ్రి. చుట్టాల్నా, వద్దా?" అంది. మా అత్త కుండలు సర్దడానికి లోపలికి పోయింది. అర్రలోంచి నేను గొంతు చించుకుని "వద్దు" అని అరిచాను. కత్తి మొత్తం నిప్పుల్లో పెట్టింది. ఈ మనవరాలి తల్లి పుట్టింది.

అవ్వ చేతులు కడుక్కుని మూట కట్టుకుంటుంటే, "అవ్వా, ఆ దారం నేనే..." అన్నాను.

"నాకెర్క లేదా? గప్పుడనకపోతివి. ఇప్పుడు నాకెందుకు బిడ్డా గా మాట?" అంది. మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకుండా పోయింది. ఆ మరుసటేడు చనిపోయిందని విన్నాను. చూడటానికి వెళ్ళలేదు.

చాలా ఏళ్ళ తర్వాత ఊరికి నర్సమ్మ వచ్చింది. ఆడవాళ్ళందరినీ కూచోబెట్టి ధనుర్వాతం గురించి చెప్పింది, పేడలో, మట్టిలో ఉంటుందనీ, బొడ్డు కోసిన చోటు నుంచి ఎక్కుతుందనీ. పేడనీళ్ళల్లో తడిపిన దారం కత్తికి చుడితే ఏమవుతుందమ్మా అని అడిగాను. "అంత తెలివి లేనోళ్ళు ఎవలుంటరమ్మా!" అని నవ్వింది. అందరూ నవ్వారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను.

ఇదంతా నేను తలుచుకునేలోపు మనవరాలు తాడు చుట్టడం మొదలుపెట్టేసింది. అడ్డంగా, నిలువుగా, జడ అల్లినట్టు. "విప్పెయ్" అన్నాను. "ఎందుకే? ఎంత మంచిగుంది!" అంది. చెప్పొచ్చు. అత్త లేదు, మామ లేదు, పెనిమిటి లేడు, నన్ను తిట్టేవాళ్ళు ఒక్కరు లేరు. "నాకు నచ్చలే" అన్నాను. నీకు స్టైల్ తెల్వదు పో అని నవ్వి ముడి బిగించింది. ఆ రోజు మా మామ అడిగాక నేను గడప దగ్గర నోరు మూసుకుని కూచున్నది ఎంతసేపు? గుక్కెడు నీళ్ళు మింగినంత సేపు. అరవై ఏళ్ళు దాటాయి, అది ఇంకా గడవలేదు.