ఇల్లు తేలిన ఉదయాలు

మొదటిసారి మా ఇల్లు కదిలింది ఒక వానాకాలపు ఉదయాన. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. నిద్రలోనే కుడివైపుకి ఒత్తిగిల్లాను. అంతే, పైకప్పు నెమ్మదిగా జారడం మొదలుపెట్టింది. ఫ్యాను, దాని పక్కన చెమ్మ మరక, గోడ మీద క్యాలెండరు, కిటికీలోంచి పడుతున్న లేత వెలుతురు, అన్నీ కలిసి ఒకే దిక్కుకి, వరద గోదావరిలో గుర్రపుడెక్క కొట్టుకుపోయినట్టు సాగిపోతున్నాయి. మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాను. చిత్రంగా, వెంటనే భయం వేయలేదు. కల ఇంకా అయిపోలేదు కాబోలు అనుకున్నాను. కాసేపటికి ఫ్యాను తిరిగి తన చోటికి వచ్చి ఆగింది. అప్పుడు కడుపులో తిప్పింది. పైత్యం చేసి ఉంటుందని లేచి నిమ్మకాయ పిండుకుని తాగాను.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. కుడివైపు తిరిగితే చాలు, ఇల్లు తాడు విప్పిన పడవైపోయేది.

నేను నరసాపురంలో చాలాకాలం ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మాది రెండు వాటాల ఇల్లు. ఒక వాటాలో నేను, రెండో వాటాలో మా తోటికోడలు. ఆవిడని అక్కా అని పిలుస్తాను. నాకంటే పదేళ్లు పెద్ద. మా ఆయనా వాళ్ళాయనా అన్నదమ్ములే అయినా, ఒకప్పుడు మాటా మాటా అనుకుని ఇంటికి నడుమ ఒంటి ఇటుక గోడ కట్టించారు. ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు. గోడ ఉంది. మేమిద్దరం పోట్లాడుకున్నది లేదుగానీ, గోడ కట్టాక మాటలు తగ్గాయి. పండక్కి పిండివంటలు ఇచ్చిపుచ్చుకోవడం, జ్వరం వస్తే పలకరించడం, అంతే. పైగా మూడేళ్ల కిందట అక్క పెరట్లో కుళాయి దగ్గర జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగానే అయింది. కానీ ఆ తర్వాత ఆవిడ వాకర్ పట్టుకుని ఇంట్లో తిరగడమే తప్ప అరుగు దిగలేదు. కిటికీ పక్కన కూర్చుని తెల్లదారంతో లేసు అల్లుకునేది. వీధిలోంచి చూస్తే ఆవిడ వేళ్లు మాత్రమే కదులుతూ కనిపించేవి.

తల తిరుగుతోందని నేను మందులషాపులో చెప్తే మాత్రలిచ్చారు. వేసుకున్నాను. తిరగడం తగ్గినట్టే అనిపించింది కానీ, నేనే ఎక్కడికో పోయాను. ఆ రోజుల్ని తల్చుకుంటే అన్నీ మంచుపొర వెనక జరిగినట్టుంటాయి. చేపలమ్మే ఆవిడ కేక ఎక్కడో ఏటి అవతలి నుంచి వినిపించేది, చూస్తే మా గుమ్మం ముందే ఉండేది. పొద్దుటి బండి స్టేషన్లో వేసే కూత సాయంత్రం దాకా చెవుల్లో సాగేది. కాఫీ కలుపుకుని, తాగానో లేదో తెలియక గ్లాసు వెతుక్కునేదాన్ని. పడుకుంటే మూడు తలగడలు ఎత్తుగా పెట్టుకుని, ఎడమవైపే తిరిగి, మెడ బిగబట్టి పడుకునేదాన్ని. నడిస్తే గోడ తడుముకుంటూ నడిచేదాన్ని. వీధిలోకి వెళ్లడం మానేశాను. ఫోన్లో మా అమ్మాయి "గొంతు అలా ఉందేంటమ్మా?" అంటే, "నిద్దర చాల్లేదే" అనేదాన్ని. నిజానికి ఆ రోజుల్లో నిద్ర తప్ప వేరే పనేమీ లేదు నాకు. మధ్యాహ్నాలు వాన చప్పుడులోకి జారిపోయేదాన్ని. మా ఆయన తడిసిన గొడుగు అరుగు మీద ఆరబెడుతున్నట్టు కల వచ్చేది. ఆయన వెనక్కి తిరిగి ఏదో చెప్పబోయేవారు. అంతలో మెలకువ వచ్చేది.

అలాంటి ఒక మధ్యాహ్నమే పడ్డాను.

నిద్రలో ఉండగా ఫోన్ మోగింది. గబుక్కున లేచి నిలబడ్డాను. ఈసారి ఇల్లు తిరగలేదు. కళ్ళు బైర్లు కమ్మాయి, అంతా నల్లబడిపోయింది. కాళ్ళకి అరిగిపోయిన రబ్బరు చెప్పులు, గుమ్మం దగ్గర పాత గోనెపట్టా. చెప్పు పట్టాలో చిక్కుకుంది. చెయ్యి గాల్లో దేనికోసమో వెతికి, బల్ల మీది స్టీలు బిందెని మాత్రం పట్టుకుంది. బిందె, నేను కలిసే పడ్డాం.

నేల చల్లగా ఉంది. బిందె దొర్లుకుంటూ వెళ్లి ఎక్కడో ఆగింది. మంచం కింద చూస్తే ఎప్పుడో పోయిందనుకున్న నా లేసు దారపు ఉండ కనిపించింది. లేవాలని కూడా అనిపించలేదు. అలా పడుకుని, కిటికీ చువ్వల మధ్య మబ్బులు పోవడం చూస్తున్నాను.

"ఏంటే ఆ చప్పుడు?" గోడ అవతల నుంచి అక్క గొంతు.

జవాబు చెప్పాలని తెలుసు. కళ్ళు మబ్బుల మీదే ఉన్నాయి.

"ఏమే! నిన్నే! పలకవేంటి?"

తర్వాత ఏం వినబడలేదు. కాసేపటికి వాకర్ చప్పుడు, ముందు గోడ వెనక నుంచి, తర్వాత వీధివైపు నుంచి. టక్కు. మళ్లీ కాసేపు నిశ్శబ్దం. మళ్లీ టక్కు. మూడేళ్లుగా దిగని అరుగు దిగి, వానలో తడిసిన వీధి మీదుగా ఆవిడ నా దగ్గరకి వస్తోందని నాకు అర్థమయ్యేసరికి, దగ్గరగా వేసిన తలుపు తోసుకుని లోపలికొచ్చింది. జుట్టు మీద చినుకులు. ముఖం పాలిపోయి ఉంది.

"కదలకు," అంది. "ముందు ఎక్కడ నొప్పో చెప్పు. తుంటి దగ్గర ఉందా? కాలు కదుపు చూద్దాం."

"లేదక్కా. మణికట్టు. తల."

"రక్తం లేదులే. బొప్పి కట్టింది. కాసేపు అలాగే ఉండు."

తర్వాత కుర్చీని కొంచెం కొంచెం తోసి నా పక్కకి తెచ్చింది. చెయ్యి అందించబోతోందేమోనని నేను చెయ్యి చాపాను.

"నన్ను పట్టుకోకు, ఇద్దరం పడతాం. కుర్చీ పట్టుకో. ముందు పక్కకి తిరుగు. ఆఁ. ఇప్పుడు మోకాళ్ల మీదకి రా. చేతులు కుర్చీ మీద పెట్టు. నాకు ఆసుపత్రిలో ఇలాగే నేర్పారు, మళ్లీ పనికొస్తుందనుకోలేదు."

మోకాళ్ల మీద నిలబడి, కుర్చీలో తల పెట్టుకుని, నాకు ఏడుపొచ్చింది. ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసింది. "దిగేశానే," అంది, నాతోనో తనతోనో. "రెండు మెట్లూ దిగేశాను."

ఆ సాయంత్రానికి తణుకు నుంచి మా అమ్మాయి వచ్చింది. మర్నాడు భీమవరంలో చెవి డాక్టరు దగ్గరికి కారులో బయల్దేరుతుంటే అక్క చీర మార్చుకుని అరుగు మీద సిద్ధంగా ఉంది.

"నువ్వెందుకక్కా, ఇబ్బంది?"

"డాక్టరు చెప్పింది నువ్వు సగం మర్చిపోతావు. నడు."

దారిపొడవునా ఆవిడ కిటికీ అద్దం దించుకుని చేపల చెరువుల్నీ, వాటి మీద కమ్ముకున్న వెలుతురునీ, గట్ల మీది కొబ్బరి చెట్లనీ చూస్తూ కూర్చుంది. మూడేళ్ల తర్వాత వాటిని చూస్తోందని నాకు తట్టింది. నేను కూడా తల కదపకుండా చూస్తూ కూర్చున్నాను.

డాక్టరు మా అమ్మాయి వయసు మనిషి. నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, తల కుడివైపుకి తిప్పి, "కళ్ళు మూయకండమ్మా, ఏం జరిగినా నన్నే చూడండి," అని ఒక్కసారిగా వెనక్కి పడుకోబెట్టింది. తల బల్ల చివర కిందికి వాలింది. అప్పుడు ఆసుపత్రి పైకప్పు, ట్యూబులైట్లు, ఆవిడ ముఖం, అన్నీ బయల్దేరాయి.

"తిరుగుతోందండీ!"

"తెలుసమ్మా. మీ కళ్ళు కదులుతున్నాయి, నాకు కనిపిస్తోంది. ఆగిపోతుంది, చూడండి."

ఆగింది. అప్పుడు తలని మెల్లగా ఎడమవైపుకి తిప్పింది, కాసేపు ఉంచింది. తర్వాత ఒళ్ళంతా ఆ పక్కకే తిప్పి, ముఖం నేలవైపు పెట్టించింది. మళ్లీ ఒక చిన్న అల వచ్చి పోయింది. ఆ తర్వాత లేపి కూర్చోబెట్టింది. గది గదిలాగే ఉంది. గోడలు ఇంత నిటారుగా ఉంటాయని మర్చిపోయానేమో, వాటినే చూస్తూ ఉండిపోయాను.

చెవి లోపల ఇసుక రేణువుల్లాంటివి ఉంటాయట. వయసు మీద పడుతుంటే ఒక్కోసారి అవి తమ చోటు నుంచి ఊడి, పోకూడని గొట్టంలోకి పోతాయట. తల కదిపితే అవీ కదిలి, మనం తిరుగుతున్నామని మెదడుకి తప్పు కబురు పంపుతాయట. ఇప్పుడు చేసింది వాటిని వెనక్కి దొర్లించడమట.

తర్వాత పడుకోబెట్టి బీపీ చూసి, నిలబెట్టి మళ్లీ చూసింది. "మీరు పడింది దీనివల్ల కాదమ్మా. లేవగానే మీ బీపీ పడిపోతోంది. తల తిరగడం వేరు, కళ్ళు బైర్లు కమ్మడం వేరు. మీకు రెండూ ఉన్నాయి. పైగా ఈ మాత్రలు మిమ్మల్ని మత్తులో ఉంచాయి. ఇవి ఆపేయండి. మీరు రోజూ వేసుకునే బీపీ మందు సంగతి మీ డాక్టరుగారికి రాసిస్తాను, ఆయనే మారుస్తారు, మీరు మార్చుకోకండి. నీళ్ళు బాగా తాగండి. మంచం మీద నుంచి ఒక్కసారిగా లేవొద్దు. మూతి వంకర పోయినా, మాట తడబడినా, వస్తువులు రెండుగా కనిపించినా, చెయ్యో కాలో పట్టు తప్పినా మాత్రం ఒక్క నిమిషం ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్ళిపోవాలి. అది చెవి జబ్బు కాదు."

అంతా అయ్యాక అక్క గొంతు సవరించుకుంది. "డాక్టరుగారండీ, నాకు తల తిరగదండి. బీపీ కూడా లేదండి. అయినా నడవాలంటే గుండె దడ. నాకేమన్నా మందుందాండి?"

డాక్టరు పెన్ను పక్కన పెట్టి ఆవిడవైపు తిరిగింది. "నిన్న వానలో నడిచొచ్చింది మీరేనా అమ్మా? భయంతో కూర్చుంటే కాళ్ళలో బలం పోతుంది. బలం పోతే మళ్లీ పడతాం. కదలడమే మందు. ఇద్దరూ కలిసి చేయండి." ఏం చేయాలో తనే లేచి చూపించింది. చేతులు వాడకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, కదలని దాన్ని పట్టుకుని మునివేళ్ల మీద లేవడం, ఒక పాదం ముందు ఒక పాదం పెట్టి నిలబడటం.

మా అమ్మాయి సెలవు పెట్టి ఉండిపోయింది. రెండు వాటాల్లోనూ బాత్రూముల్లో గోడకి కడ్డీలు బిగించింది. గోనెపట్టాలు, అరిగిన చెప్పులు, నేలమీద పాకే వైర్లు తీసేసింది. మంచానికీ బాత్రూముకీ మధ్య చిన్న లైటు పెట్టించింది. ఆ పసుపు వెలుగులో మా ఇల్లు ఎవరో కొత్తవాళ్ళ ఇల్లులా కనిపించేది.

ఉదయాల బాధ్యత మాత్రం అక్క తీసుకుంది. తెలతెలవారుతుండగా ఒంటి ఇటుక గోడ మీద వేలితో కొట్టేది.

"లేచావా?"

"లేచానక్కా."

"నిలబడ్డావా?"

"లేదు, కూర్చున్నాను."

"కాళ్ళు ఆడించు. కాసిని నీళ్ళు తాగు. అప్పుడే లేవకు."

ఆ లేవకుండా కూర్చునే కాసేపట్లో మాటలు పుట్టాయి. కాళ్ళు వేలాడేసుకుని, మసక చీకట్లో, ఒకరికొకరం కనిపించకుండా మాట్లాడుకునేవాళ్ళం. ముందు కలల గురించి. తనకి ఎప్పుడూ నీళ్ళ కలలే వస్తాయని చెప్పింది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న కొబ్బరికాయల పడవ మీద కూర్చోబెట్టుకుని కాలవలో తీసుకెళ్లేవాడట. కాయల మీద పడుకుని చూస్తే ఆకాశం నడిచేదట. "నువ్వు ఇల్లు తిరుగుతోందని చెప్పినప్పుడు, నాకు అదే గుర్తొచ్చిందే," అంది. నేను మా ఆయన గొడుగు కల చెప్పాను. తర్వాత, "గోడ కట్టిన రోజు మీ బావగారు అన్నం తినలేదు," అంది. "ఆ మాట మీ ఆయనకి చెప్పమన్నాను ఆయన్ని. చెప్పలేదు."

"ఈయనా తినలేదక్కా," అన్నాను.

బయట కాకులు మొదలయ్యాయి. "సరే, ఇంక లే," అంది అక్క. "మెల్లిగా."

సాయంత్రాలు నా వంటింటి గట్టు పట్టుకుని ఇద్దరం మునివేళ్ల మీద లేచేవాళ్ళం. ఒకరిని చూసి ఒకరికి నవ్వొచ్చేది. నవ్వితే పట్టు తప్పుతుందని అక్క కసిరేది. చలికాలంలో ఒకసారి మళ్లీ పైకప్పు కదిలింది. ఈసారి అదేమిటో తెలుసు కాబట్టి, మంచం పట్టుకుని అది పోయేదాకా చూస్తూ ఉన్నాను. మళ్లీ భీమవరం వెళ్లి వచ్చాం. అక్క నెమ్మదిగా వాకర్ వదిలి చేతికర్రకి వచ్చింది. ఒకరోజు అరుగు మీద నిలబడి, "ఆదివారం గుడికి వెళదామా?" అంది.

మాది లూథరన్ కుటుంబం, గుడి అంటే మాకు చర్చే. చర్చి వీధి చివరే. ఆ ఆదివారం మేం వెళ్లేసరికి రెండో కీర్తన నడుస్తోంది. వెనక బల్ల దగ్గర చోటిచ్చారు. పాస్టరుగారు ప్రార్థనకి లేవమన్నారు. అందరూ లేచి కళ్ళు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. పాదాల కింద నేల మెత్తబడి, ఒళ్ళు ఒక పక్కకి ఒరగబోయింది. చీకట్లోనూ, కళ్ళు మూసినప్పుడూ ఏదో ఒకటి పట్టుకోమని డాక్టరు చెప్పిన మాట గుర్తొచ్చి ముందు బల్ల అంచు పట్టుకుని కళ్ళు తెరిచాను.

ఇన్నేళ్లలో ప్రార్థన వేళ చర్చిని నేనెప్పుడూ చూడలేదు. ఎదురుగా అన్నీ వంచిన తలలు. ముసుగు వేసుకున్న కొంగులు ఫ్యాను గాలికి మెల్లగా ఎగురుతున్నాయి. ఒక పసిబిడ్డ తల్లి భుజం మీద నుంచి నన్నే చూస్తోంది. కిటికీ అద్దాల్లోంచి పడిన వెలుగులో దుమ్ము తేలుతోంది. అంతమంది కళ్ళు మూసుకుని ఉంటే, ఆ గదంతా నాకే అప్పగించినట్టుంది.

పక్కకి చూశాను. అక్క కూడా బల్ల పట్టుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని చుట్టూ చూస్తోంది. నన్ను చూసి కనుబొమ్మలు ముడిచింది.

"కళ్ళు మూసుకోవే," అంది గుసగుసగా.

"నువ్వు ముందు మూసుకో," అన్నాను.

ఇద్దరం మూసుకోలేదు. ఆమేన్ దాకా అలాగే చూస్తూ నిలబడ్డాం. తర్వాత ఇంటికి నడిచే వచ్చాం. దారిలో చాలాసార్లు ఆగాం. ఆగిన ప్రతిచోటా ఎవరో ఒకరు పలకరించారు. ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమైంది. అన్నం నా వాటాలో వండాను, కూర ఆవిడ వాటా నుంచి వచ్చింది.