వరద దాకా చెప్పిన సినిమా

నా చిన్నప్పుడు ఆదివారం మధ్యాహ్నమైతే గోదావరిఖనిలో మా క్వార్టర్‌లో టీవీ ముందు నా చోటు ఖాయం. సరదాకు కాదు, అది నా డ్యూటీ. మా తాతకు చూపు బాగా తగ్గిపోయింది. పాత నలుపు తెలుపు సినిమాలంటే మాత్రం ప్రాణం. టీవీలో ఏం జరుగుతుందో నేను చూసి చెబుతుంటే, మాటలూ పాటలూ ఆయన చెవులారా వినేవాడు.

“ఏం రంగు చీర కట్టిందే ఆ పిల్ల?” అనేవాడు.

“నలుపు తెలుపుల రంగు నాకెట్ల తెలుస్తది తాత!”

“బడికి పోతున్నవ్ గద, గది గుడ చెప్పరాదా?”

పక్క క్వార్టర్ అవ్వ వచ్చి గోడకు ఆనుకుని కూర్చుని మా ఇద్దరినీ చూసి నవ్వేది. ఆమె భర్త, మా తాత బొగ్గు బాయిలో జోడీగా పని చేసినవాళ్లు. తాత ఆయన్ని బావా అని, ఆమెను చెల్లె అని పిలిచేవాడు. ఆ బావను నేను చూడలేదు. నేను పుట్టకముందే బాయిలో పైకప్పు కూలి చనిపోయాడు. తాత అప్పుడు ఆయనకు చేయి చాస్తే అందేంత దూరంలో ఉన్నాడట.

సినిమా అయిపోగానే అవ్వకు, తాతకు వాదన మొదలయ్యేది.

“నువ్వు సూడని సినిమా మీద నాతోని లొల్లేందన్నా?”

“సూడకపోతేంది? బావ చెప్పంగ ఇన్న. నువ్వు హాల్ల కూసోని పల్లీలు తిన్నవ్, కథ ఇన్నది నేను.”

నిజమే. ఆ రోజుల్లో తాత షిఫ్టు ఎప్పుడూ సినిమా ఆటకు అడ్డం పడేదట. బావ మాత్రం ఎలాగో చూసి వచ్చేవాడు. మరునాడు బాయిలో చాయ్ తాగేటప్పుడు జోడీదార్లందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, హీరో మాట హీరోలా, అత్త మాట అత్తలా చెప్పేవాడు. ఒక్కరోజులో అవ్వదు కదా, ఎక్కడో మంచి చోట ఆపి “మిగతది రేపు” అని లేచేవాడు. అలా మా తాత భూమి లోపల చీకట్లో కూర్చుని ఎన్నో సినిమాలు చూశాడు.

నాకు ఒక్కటే అర్థమయ్యేది కాదు. తాత చెప్పే సినిమాల్లో ఎవరూ చనిపోరు. అదే సినిమా టీవీలో వస్తే హీరోయినో, తల్లో, ఎవరో ఒకరు పోతారు. “నువ్వు అబద్ధాలు చెప్తవ్ తాత” అన్నానొకసారి. ఆయన కోప్పడలేదు. బాయిలో కప్పు కింద కూర్చుని ఎవరూ చావు మాట ఎత్తరట. కథలో చావు ఉన్నా సరే, పైన ఇంటి దగ్గరే విడిచి దిగాలి. అందుకే బావ ప్రతి కథనూ తిప్పి, అందరినీ బతికించి చెప్పేవాడట.

ఒక్క సినిమా చివర మాత్రం తాతకు తెలియదు. ఒక పడవవాడి కథ అది. అవతలి ఒడ్డున ఊరు మునిగిపోతుంటే, అందరూ వద్దంటున్నా జనాన్ని తేవడానికి వరదలోకి పడవ తోస్తాడు. బావ అక్కడి దాకా చెప్పి “మిగతది రేపు” అన్నాడు. మరునాడు చాయ్ వేళ కాకముందే కప్పు కూలింది. ఆ తర్వాత తాత సినిమా హాలు గడప తొక్కలేదు. అవ్వ ఆ సినిమా హాల్లో చూసింది, అడిగితే చెప్పేది. కానీ మాటల్లో ఆ సినిమా వచ్చిందంటే ఇద్దరూ వరద దాకా వెళ్లి ఆగిపోయేవారు. ఆమె కొంగు సవరించుకునేది, ఆయన బీడీ వెతుక్కునేవాడు.

ఆ సినిమా ఒకసారి టీవీలో వస్తుందన్నారు. ఆ వారం తాత సరిగా అన్నం తినలేదు. ఆదివారం తెల్ల అంగీ వేసుకుని పొద్దున్నుంచే కుర్చీలో కూర్చున్నాడు. బయట ఎండ మండిపోతోంది, వాడంతా తలుపులు వేసుకుంది. అవ్వ వచ్చింది గాని, ఆ రోజు ఎవరినీ వేళాకోళం ఆడలేదు.

నేను చెబుతూ పోయాను. వరద వచ్చింది. పడవ తోశాడు. జనం ఎక్కారు. వాళ్లందరినీ ఒడ్డుకు చేర్చి, మిగిలిన ఒక్క ముసలామె కోసం మళ్లీ వెళ్లాడు. పడవ తిరగబడింది. తెర మీద నీళ్లు తప్ప ఇంకేమీ లేవు. ఏడుపు రాగం మొదలైంది.

“ఏమైందే?” అన్నాడు తాత.

“మునిగిండు తాత. సచ్చిపోయిండు.”

“టీవీ బంజెయ్ బిడ్డా.”

బంద్ చేశాను. ఫ్యాను చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. తాత అవ్వ వైపు తిరిగాడు. “చెల్లె, గది టీవోళ్లు చెప్పింది. బావ ఎట్ల చెప్తుండె?”

అవ్వ కొంగు సవరించుకుంది. తర్వాత నేలను చూస్తూ అంది. “ఆ పొద్దు డ్యూటీకి పోంగ చివర నాకు చెప్పి సూసుకున్నడన్నా. మంచిగుందా అని అడిగిండు. మంచిగుందన్న. గదే ఆఖరి మాట.”

“మరి చెప్పు.”

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. నాలుగు మాటలు దాటేసరికి ఆ గొంతు అవ్వది కాదు. లావుగా, మధ్యమధ్య బొగ్గు దగ్గుతో, నేనెప్పుడూ వినని ఒక మగమనిషి గొంతు. “తెల్లారింది. ఒడ్డు మీద ఆడోళ్లు నెత్తులు కొట్టుకుంటున్నరు. గప్పుడు దూరంగ తెడ్డు సప్పుడు. సూస్తే ఏముంది, ముసల్దాన్ని వీపు మీదేసుకోని వస్తుండు. ఒడ్డెక్కంగనే పెండ్లాం ఏమన్నది? అన్నం సల్లారిపోయింది, నువ్వు గిప్పుడా వచ్చుడు అన్నది.”

తాత ప్రతి మాటకూ “ఊ” కొడుతున్నాడు. కళ్లు మూసుకున్నాడు. గదిలో మేం ముగ్గురమే ఉన్నామా అని వెనక్కి తిరిగి చూశాను.

“ఇంకెవలన్న మునిగిండ్రా బావా?” అన్నాడు తాత.

తనను బావా అన్నా ఆమె దిద్దలేదు. “ఎవ్వలు మునుగలే. అందరు ఒడ్డెక్కిండ్రు.”

“అయితే మంచిగయింది” అని తాత కుర్చీలో వెనక్కి వాలాడు. అవ్వ ముఖం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లింది. నేను మాత్రం ఊరుకోలేక, “నేను సూశిన తాత, నిజంగ మునిగిండు” అన్నాను. “నువ్వు సూశింది నిజమే బిడ్డా” అని నా తల నిమిరాడు. “నాకు బావది కావాలె. గంతే.”

తాత, అవ్వ ఇద్దరూ ఇప్పుడు లేరు. ఆ సినిమా ఫోన్లో దొరుకుతుంది. మొన్న మా ఆయన సెకండ్ షిఫ్టుకు తయారవుతూ చూస్తున్నాడు. ఆయనా బాయిలోకే దిగుతాడు. పడవ తిరగబడగానే “అరే, పాయె పాపం” అని ఫోను జేబులో పెట్టుకున్నాడు.

“పోలేదు, ఇను. చివర నేను చెప్త” అన్నాను.

“టైమైతుందే. రేపు చెప్పు.”

బండి తాళం చెవి తీసి గుప్పిట్లో పెట్టుకుని, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. ఆయన గొణుగుతూ, నవ్వుతూ, ఆఖరికి చెప్పులతోనే మెట్టు మీద కూర్చున్నాడు. పడవవాడు ఒడ్డెక్కే దాకా కదలనివ్వలేదు.